మూడో ఐబు

గోదావరిఖని చౌరస్తా వెనక సందులో కుతుబుద్దీన్ దుకాణం. పాత గిటారో, పాత యాంప్లిఫయరో కొనడానికి అక్కడికి వచ్చినవాళ్లకు ముందు వినిపించేది ధర కాదు, ఐబు. వస్తువులో ఉన్న లోపాన్ని అతను ఆ మాటతోనే పిలుస్తాడు. పైకప్పు కొక్కేలకు వేలాడుతున్న గిటార్లలో ఏదో ఒకదాని మీద కుర్రాడి చూపు ఆగిందంటే చాలు, చేతిలోని సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి మొదలుపెడతాడు.

"గా గిటారు మెడ వంగింది. రామగుండం ఎండకు మనుషులే వంగుతరు, కట్టె ఎంత? పైకి పోయి వాయిస్తే సుతి తప్పుతది. కింద తీగలు పట్టుకునే చెక్క ఒకపారి లేసిపోతే నేనే అతికిచ్చిన. మల్ల లేవదని చెప్ప."

"కాకా, నువ్వు అమ్ముతున్నవా, బెదిరిస్తున్నవా?"

"బెదరకుంట నిలవడ్డోనికే అమ్ముత."

కనీసం మూడు ఐబులు చెప్పనిదే అతని సరుకు గడప దాటదు. వాడిన వస్తువులో మూడు లోపాలు కనిపించలేదంటే చూసినవాడు సరిగ్గా చూడలేదని అతని లెక్క. కొత్తది హైదరాబాదులో ఎంత పలుకుతుందో కనుక్కుని, దాన్ని సగం చేసి, ఆ సగంలోంచి ఐబుకో కోత కోస్తాడు. మిగిలిందే ధర. దాని మీద బేరం లేదు. మంచిర్యాల నుంచి గోదావరి దాటి వచ్చే కుర్రాళ్లు కూడా ఆ ధర మీద రూపాయి తగ్గించమని అడగరు. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొని మోసపోయినవాళ్లంతా చివరికి ఇక్కడికే వచ్చి అతని తిట్లు తిని, అతను ఇచ్చింది పట్టుకుని వెళతారు.

ఈ పద్ధతి అతనికి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి పశువుల దళారి. సంతలో ఎద్దు ముందు నిలబడి దాని సుడి, గిట్ట, పన్ను, పొడిచే గుణం అన్నీ పది మందికి వినపడేలా చెప్పేవాడు. ధర మాత్రం ఎవరికీ వినపడకూడదు. భుజం మీది తువ్వాల తీసి కొనేవాడి చేతి మీద కప్పేవాడు. దాని కింద వేళ్లు వేళ్లతో మాట్లాడుకునేవి. వేలు పట్టుకుంటే ఒక లెక్క, అరచేయి గీకితే ఇంకో లెక్క. లోకం తిరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. గల్ఫ్ రేవుల్లో ముత్యాలు అమ్మినవాళ్లు గుడ్డ కిందే బేరమాడారు, చైనాలో గుర్రాల వర్తకులు వదులు చొక్కాల చేతుల్లో వేళ్లు దూర్చుకుని మాట్లాడుకున్నారు. ధర ఇద్దరి మధ్య సంగతి, లోపం అందరి సంగతి అన్న ఇంగితం అన్ని దేశాల సంతలకూ ఎట్లా అబ్బిందో గానీ, కుతుబుద్దీన్‌కు మాత్రం ఏడేళ్ల వయసులో తండ్రి పక్కన ఆ తువ్వాల అంచు పట్టుకుని నిలబడి అబ్బింది. పాత ఖాతాదారులతో అతను ఇప్పటికీ తువ్వాల కిందే ధర చెబుతాడు. ఆడపిల్లలు వస్తే మాత్రం నోటితో చెబుతాడు.

ఎద్దుల నుంచి గిటార్లకు ఎట్లా వచ్చాడంటే, మధ్యలో ఒక రేడియో దుకాణం ఉంది, ఒక ఆర్కెస్ట్రా ఉంది. పగలు రేడియోలు విప్పేవాడు, రాత్రులు వినాయక మండపాల ముందు గిటార్ వాయించేవాడు. అరబ్బుల ఊద్ వాద్యానికి చుట్టమని చెప్పే ఈ గిటార్ స్పెయిన్‌లో పేరు మార్చుకుని, ఓడలెక్కి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి బొగ్గు ధూళిలో, కంపెనీ కాలనీల మండపాల ముందు ఒక ముస్లిం కుర్రాడి చేతికి వచ్చింది. తర్వాత డీజే పెట్టెలు వచ్చాయి, ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటే రాలిపోయాయి. వాటి సామాను కుతుబుద్దీన్ దగ్గరికే చేరింది. ట్రాన్స్‌ఫర్ అయిన ఆఫీసర్ల పిల్లల గిటార్లు, లాక్‌డౌన్‌లో సరదాపడి కొని విసుగెత్తినవాళ్ల గిటార్లు కూడా వచ్చి చేరాయి. అట్లా అది దుకాణమైంది.

దుకాణం వెనక ఒక చిన్న గుంత ఉంది. దాన్ని అతను పూలకుండీ కన్నా జాగ్రత్తగా చూసుకుంటాడు. గుంతలో రాగి రేకు, దాని చుట్టూ ఉప్పు, బొగ్గు. దుకాణంలోని ప్రతి ప్లగ్గు బోర్డు నుంచి ఒక పచ్చ వైరు వచ్చి ఆ రేకుకు కలుస్తుంది. అదే ఎర్త్. పాత యాంప్లిఫయర్ల లోపల కరెంటు కొంచెం కొంచెం ఇనుప డబ్బాలోకి కారుతుంది. డబ్బా నుంచి గిటార్ తీగల్లోకి వస్తుంది. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కారే కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే తీగలు పట్టుకున్న మనిషి కోసం కాచుకుని ఉంటుంది. గుంత తడిగా ఉన్నంతకాలమే ఎర్త్ పనిచేస్తుంది. ఎండాకాలం ఇక్కడి నేల పెంకులా ఎండిపోతుంది కాబట్టి రోజూ పొద్దున్నే ఒక బకెట్టు నీళ్లు ఆ గుంతకు పోస్తాడు. మనం తాగకపోయినా సరే గుంతకు తాపుతాడని అతని భార్య ఫక్రున్నీసా దెప్పుతుంది.

ఆ మే నెలాఖరున పైపు పగిలి సందులో నల్లాలు రాలేదు. ట్యాంకరు తెచ్చిన నీళ్లు తాగడానికే సరిపోలేదు. గుంత ఎండింది. సరిగ్గా అప్పుడే యమున వచ్చింది.

యమునది ఎనిమిదో నంబరు గని పేరుతో వెలసిన యైటింక్లైన్ కాలనీ. ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. ఆమె తండ్రి సదయ్య భూగర్భ గనిలో టింబర్‌మన్, అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టేవాడు. ఆ రోజే అతని ఆఖరి డ్యూటీ. సాయంత్రం కాలనీలో రిటైర్‌మెంట్ ఫంక్షన్. ఆర్కెస్ట్రా నాటి పెద్ద యాంప్లిఫయర్ ఒకటి ఉందని విని దాని కోసం వచ్చింది.

"మా బాపు నైట్ షిఫ్టు చేసి పగటిపూట పండుకునేటోడు కాకా," అంది, గిటార్ సంచి దించుతూ. "నేను తీగల మీద గుడ్డ కప్పి నేర్సుకున్న. నా పాట గట్టిగ ఆయన ఒక్కనాడు ఇనలే. ఇయ్యాల ఇనాలె."

కుతుబుద్దీన్‌కు ఆ మాట గుండెలో పడింది. యాంప్లిఫయర్ ప్లగ్గు పెట్టాడు. గుర్‌ర్‌మంటూ ఒక రొద. తడి ఉన్న రోజుల్లో పిల్లిలా ఊరుకునే పెట్టె, ఆ రోజు ఎండిన ఎర్త్ వల్ల నక్కలా మూలిగింది. యమున ముఖం వాడిపోయింది. అతను ఆమెను కాసేపు గిటార్ సుతి చూసుకోమని చెప్పి, వెనక్కి తిరిగి, ప్లగ్గు మర విప్పి పచ్చ వైరు ఊడదీశాడు. వైరు ఊడితే రొద పోతుందని ప్రతి మెకానిక్‌కూ తెలుసు. అట్లా ఊడదీసి అమ్మకూడదనీ తెలుసు. చూపించేంతవరకే, ఆటో ఎక్కించేముందు మళ్లీ బిగిస్తానని తనకు తాను చెప్పుకున్నాడు. పెట్టె నిశ్శబ్దమైంది. యమున తీగ మీటితే గది నిండా ఒక్క పలుకు నిలబడింది. ఆమె కళ్లు మెరిశాయి.

అతను ఐబులు చెప్పాడు. స్పీకరు ముందున్న గుడ్డ చినిగింది. ఒక నాబు తిప్పితే గరగరమంటుంది. ధర నోటితో చెప్పాడు.

"ఇంకేమన్న ఐబున్నదా కాకా?"

పచ్చ వైరు సంగతి చెబితే మళ్లీ రొద వినిపించాలి, నీళ్లు వచ్చేదాకా ఆగమనాలి. ఫంక్షన్ ఆగదు. పెట్టె ఇక్కడే ఉండిపోతుంది, పిల్ల ముఖం మళ్లీ వాడుతుంది.

"గంతే బిడ్డ," అన్నాడు.

అప్పుడే సందంతా కేక వేసింది. నల్లా వచ్చింది. ఫక్రున్నీసా దుకాణం పక్కనే ఉన్న తమ ఇంట్లోంచి బిందెలు పట్టుకురమ్మని పిలిచింది. ఎన్నాళ్లకో వచ్చిన నీళ్లు, ఎప్పుడు పోతాయో తెలియని నీళ్లు. కుతుబుద్దీన్ ఉరికాడు. బిందెలు, డ్రమ్ము, బకెట్లు అన్నీ నిండాక, ఆఖరి బకెట్టు తీసుకుని దుకాణం వెనక్కి వెళ్లి గుంతలో పోశాడు. నేల చుయ్యిమని పీల్చుకుంది. ఆ చప్పుడుకు, ఊడదీసిన పచ్చ వైరు గుర్తొచ్చింది.

దుకాణంలోకి వచ్చి చూస్తే యాంప్లిఫయర్ లేదు. యమున ఇచ్చిన డబ్బులు గల్లా డబ్బా కింద ఉన్నాయి. బల్ల మీద ప్లగ్గులోంచి తీసిన మర ఒక్కటి, ఇత్తడిది, బియ్యపు గింజ కన్నా కొంచెం పెద్దది. ఆటో నర్సింగం తొందర చేస్తే తానే సాయం పట్టి ఎక్కించానని ఫక్రున్నీసా చెప్పింది.

అతను తర్వాత ఎప్పుడైనా ఆ పూట గురించి చెబితే ఇక్కడే కాస్త ఆగేవాడు. భయం ముందుగా కడుపులో పుట్టదట, అరికాళ్లలో పుడుతుందట. ఎందుకంటే అతనికి గుర్తొచ్చింది అరికాళ్లే. రిటైర్‌మెంట్ ఫంక్షన్‌లో పిల్లలు తండ్రి కాళ్లు కడుగుతారు. చెప్పులు విడుస్తారు. ఎండాకాలం కాబట్టి ఫంక్షన్ ముందు గ్రౌండంతా ట్యాంకరుతో నీళ్లు కొట్టిస్తారు, బొగ్గుదుమ్ము లేవకుండా. తడి నేల, తడి కాళ్లు, ఒక చేయి తీగల మీద, పెదవులు ఇనుప మైకు దగ్గర. మనిషి ఒంట్లోంచి కరెంటు నడవడానికి ఇంతకన్నా మంచి దారి ఎవడూ వేయలేడు.

పెట్టె ఉందా అని యమున అడిగిన నంబరుకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ మోగింది, మళ్లీ ఎత్తలేదు. స్కూటరు తీశాడు. జేబులో ఇత్తడి మర, ఒక స్క్రూడ్రైవరు, ఒక టెస్టరు, గుప్పెడు వైరు.

బొగ్గు కంపెనీలో ఎవరు ఏ తారీఖున పుట్టినా నెలాఖరు రోజే రిటైరవుతారు. అందుకని ఆ ఊళ్లో నెలాఖరు సాయంత్రాలకు ఒక వింత అందం ఉంటుంది. వీధికో టెంటు, టెంటుకో ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద మీసాలు దిద్దుకున్న ఒక పెద్దమనిషి. మెడలో దండలతో ఓపెన్ జీపుల్లో ఊరేగే మనుషులు ఒకరికొకరు దారిలో ఎదురై నమస్కారాలు పెట్టుకుంటారు. ఆ పూట ఆ అందమంతా కుతుబుద్దీన్‌కు శత్రువైంది. యైటింక్లైన్ కాలనీ అని మాత్రమే అతనికి తెలుసు. ఆ కాలనీలో ఎన్ని టెంట్లున్నాయో తెలియదు.

కాలనీ దారిలో ఓపెన్‌కాస్ట్ గని మలుపు దగ్గర ఎర్రజెండా అడ్డం వచ్చింది. బ్లాస్టింగ్. జెండా పట్టుకున్న మనిషి చేయి చాపి ఆపాడు. అటు లారీలు, ఇటు మోటార్ సైకిళ్లు. కుతుబుద్దీన్ స్కూటరు దిగి వెళ్లి బతిమాలాడు. ఒక పిల్ల పానం మీదికొచ్చిందని, జెర పోనియ్యమని.

"నిన్ను పోనిస్తె నీ పానం మీదికి వస్తది పెద్దాయన," అన్నాడు జెండా మనిషి. కసురుకోలేదు, మామూలుగానే అన్నాడు. "ఎవల పానమైన గంతే గద. నిలవడు."

వెనక్కి వచ్చి స్కూటరు పక్కన నిలబడ్డాడు. ఫోన్ మళ్లీ చేశాడు. మోగుతూనే ఉంది. ఈసారి మోగే చప్పుడు వినలేక చెవికి దూరంగా పట్టుకున్నాడు. భూమి లోపల ఏదో పొర్లినట్టయింది, తర్వాత శబ్దం వచ్చింది, తర్వాత మట్టిగుట్టల వెనక నుంచి పసుపుపచ్చగా ధూళి లేచింది. ఆ ధూళి దిగేదాకా జెండా దిగలేదు.

కాలనీలో మొదటి టెంటు దగ్గర బ్యాండు మోగుతోంది. లోపలికి దూరి చూస్తే దండలో ఉన్నది వేరే మనిషి. ఎవరో అతన్ని చుట్టమనుకుని చేయి పట్టి భోజనాల వైపు లాగారు. విదిలించుకుని బయటికి వచ్చేసరికి, చెట్టు నీడన ఆటోలో కాళ్లు చాపుకుని నర్సింగం.

"సదయ్య ఇల్లెక్కడ?"

"గదో, వాటర్ ట్యాంకు పక్క లైను. ఏమైంది భాయ్, పైసలు తక్కువిచ్చిందా?"

కుతుబుద్దీన్ అప్పటికే స్కూటరు తిప్పాడు.

వాటర్ ట్యాంకు పక్కన రెండు లైన్ల కార్మికుల కోటర్ల మధ్య ఖాళీ జాగాలో టెంటు. ట్యాంకరు నీళ్లు కొట్టి అప్పుడే వెళ్లినట్టుంది, నేల నల్లగా, మెత్తగా ఉంది. దాని మీద పరిచిన ఎర్ర తివాచీ అంచులు తడిసి ముదిరిన రంగులోకి తిరిగాయి. కుర్చీలో సదయ్య, మెడలో బంతిపూల దండ, భుజాల మీద జరీ అంచు శాలువా. అతని కాళ్ల దగ్గర ఇత్తడి పళ్లెంలో నీళ్లు. కాళ్లు కడగడం అయిపోయింది. డప్పులు కొడుతున్నారు. యమున తడి కాళ్లతోనే నిలబడి, గిటార్ పట్టీ భుజానికి వేసుకుని, తడి చేతులు చున్నీకి తుడుచుకుంటోంది. ఆమె వెనక యాంప్లిఫయర్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఆమె పెదవుల ఎత్తులో మైకు.

కుతుబుద్దీన్ అరిచాడు. డప్పుల్లో అతని గొంతు అతనికే వినపడలేదు. మధ్యలో కుర్చీల్లో నాలుగు వరసల మనుషులు. యమున ఎడమ చేయి తీగల మీద పడింది. చురుక్కుమన్నట్టు ఒకసారి వెనక్కి తీసింది, వేళ్ల వంక చూసుకుంది, మళ్లీ వేసింది. కుడిచేయి మైకు స్టాండు ఎత్తు సరిచేయడానికి లేచింది.

ఆమె దగ్గరికి చేరలేడు. చేరి పట్టుకున్నా లాభం లేదు. కళ్లతో వైరు వెతికాడు. యాంప్లిఫయర్ నుంచి నల్ల వైరు, తివాచీ కింది నుంచి, టెంటు గుంజ వెంబడి, పక్క కోటరు కిటికీకి. ఆ గుంజ తనకు దగ్గరే ఉంది. కుర్చీలో కూచున్న ఒక అవ్వ ఒడి మీదుగా ఒంగి, గుంజకు కట్టిన జంక్షన్ డబ్బాలోంచి ప్లగ్గు పీకాడు. దానితో పాటు డబ్బా కూడా ఊడి కింద పడింది.

ఎర్ర దీపం ఆరింది. యమున చేయి మైకు స్టాండును అప్పుడే పట్టుకుంది.

డప్పులు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. ఎవడు గుంజిండని ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు లేచారు. తాగొచ్చాడని ఒకరన్నారు. టెంట్‌హౌస్ మనిషి వచ్చి కింద పడ్డ డబ్బా తీసి చూసుకుని, వైరింగు అంతా బాగానే ఉందని ముందుగానే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. కుతుబుద్దీన్ ఆ డబ్బా వైపు చూశాడు. కోటరు నుంచి లాగిన వైరులో రెండే తీగలున్నాయి. ఎర్త్ లేదు. తాను పచ్చ వైరు బిగించి ఇచ్చి ఉన్నా అది ఇక్కడ ఏ భూమికీ కలిసి ఉండేది కాదు.

అతని ముందు ఒక తలుపు తెరుచుకుంది. తప్పు టెంట్‌హౌస్ వాడి మీద పెట్టొచ్చు. రెండు తీగల వైరు అందరికీ చూపించొచ్చు. పిల్లను కాపాడిన మనిషిగా దండ కూడా వేయించుకోవచ్చు. అదంతా చాలామట్టుకు నిజమే కూడా. కానీ తాను ఐబు చెప్పి ఉంటే ఈ పిల్ల ఎర్త్ గురించి అడిగి ఉండేది. అతను తన దుకాణంలో ఇన్నేళ్లుగా అమ్మింది గిటార్లనా, చెప్పిన ఐబుల్నా?

"ఎవలు గుంజలే, నేనే గుంజిన," అన్నాడు. "పెట్టె నేను అమ్మిందే. రెండు ఐబులు చెప్పిన, మూడోది చెప్పలే."

యమున గిటార్ ఇంకా భుజాన ఉంది. "ఏం ఐబు కాకా?"

నోటితో చెబితే అర్థం కాదని, గిటార్ దింపించి కుర్చీ మీద పెట్టించాడు. ఎవరూ ముట్టొద్దన్నాడు. ప్లగ్గు మళ్లీ పెట్టి, జేబులోంచి టెస్టరు తీసి, గిటార్ తీగకు ఆనించాడు. టెస్టరులో చిన్న దీపం నారింజ రంగులో వెలిగింది. సాయంత్రపు వెలుతురులో కూడా అందరికీ కనిపించింది. అవ్వ తన కొంగు లాక్కుంది. యమున తన ఎడమ చేతి వేళ్ల వంక చూసుకుంది.

"ఇందాక చీమలు కుట్టినట్టయింది," అంది మెల్లగా. "కొత్త తీగలు గద, గుచ్చుకున్నయనుకున్న."

పచ్చ వైరు ఎందుకు తీశాడో, ఎప్పుడు బిగిద్దామనుకున్నాడో అతను చెప్పాడు. నల్లా సంగతి చెప్పబోయి మానుకున్నాడు. ఒక కుర్రాడు కాలర్ పట్టుకోవడానికి వచ్చాడు. సదయ్య కుర్చీలోంచి లేవకుండానే ఆ కుర్రాణ్ణి పేరు పెట్టి పిలిచి కూర్చోమన్నాడు. తర్వాత ఆ పెట్టె వంక, ఎర్ర తివాచీ వంక, కూతురి పాదాల వంక చూశాడు. కుతుబుద్దీన్ అతని కళ్లలోకి చూడలేక అతని దండలోని బంతిపూల వంక చూస్తూ నిలబడ్డాడు. కొడితే బాగుండునని అనిపించింది.

"ఎర్త్ కావాల్నంటే ఏం చెయ్యాలె?" అన్నాడు సదయ్య చివరికి.

"భూమిల ఇనుము దిగాలె. తడి ఉండాలె. ఉప్పు ఉంటె మంచిది."

"గడ్డపార తేర్రి."

గడ్డపార వచ్చింది. వంటవాళ్ల దగ్గర్నుంచి ఉప్పు వచ్చింది. సమ్మెట అడిగాడు సదయ్య. బాపూ నువ్వు కూసో, మేం కొడతమని కుర్రాళ్లు అన్నారు. అతను దండ తీసి కుర్చీకి తగిలించి, శాలువా నడుముకు చుట్టుకుని సమ్మెట తీసుకున్నాడు. గనిలో దిమ్మె నిలబెట్టేవాడు ముందు నేలను పాదంతో తట్టి చూస్తాడు. అట్లాగే తట్టి, టెంటు వెనక ఒక చోటు ఎంచుకుని, గడ్డపార నిలబెట్టాడు. కుతుబుద్దీన్ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. సమ్మెట అతని చేతులకు జానెడు పైన పడింది, మళ్లీ పడింది. ట్యాంకరు నీళ్లకు మెత్తబడ్డ నేలలోకి గడ్డపార సగం పైగా దిగిపోయింది. యమున ఉప్పు పోసింది. తండ్రి కాళ్లు కడిగిన పళ్లెంలో నీళ్లు తెచ్చి ఆ మొదట్లో పోసింది.

కుతుబుద్దీన్ ఇత్తడి మర జేబులోంచి తీశాడు. ఒకసారి వేళ్లలోంచి జారి తివాచీలో పడింది. వెతికి, పచ్చ వైరు బిగించి, దాన్ని గుప్పెడు వైరుతో పొడిగించి గడ్డపారకు నాలుగు చుట్లు చుట్టాడు. ప్లగ్గు పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. టెస్టరు ఆనిస్తే వెలగలేదు.

యమున గిటార్ కోసం చేయి చాపింది. అతను ఇవ్వలేదు. చెప్పులు విడిచి తడి తివాచీ మీద నిలబడ్డాడు. గిటార్ ఎత్తుకుని, ఎడమ చేత్తో ఆరు తీగలూ ఒకేసారి మూసి పట్టుకుని, కుడిచేత్తో మైకు ఇనుప జాలీని అరచేయంతా ఆనేలా పట్టుకున్నాడు. టెస్టరు అబద్ధమాడదని అతనికి తెలుసు. తెలిసినా, ఆ పట్టుకునే ముందు కళ్లు మూసుకున్నాడు. వేళ్ల కింద తీగలు చల్లగా ఉన్నాయి. చీమ కూడా కుట్టలేదు.

కానీ పెట్టెలోంచి రొద మళ్లీ వచ్చింది. గడ్డపార ఎర్త్ రాగిరేకు ఎర్త్ కాదు. గుర్‌ర్‌మంటూ సన్నగా, వదలకుండా.

"ఇది పోదు," అన్నాడు కుతుబుద్దీన్, తల దించుకుని. "ఈ చప్పుడు ఉంటది."

"ఉండనీ," అన్నాడు సదయ్య. "కర్ర దిమ్మెలు కిర్రుమంటె మాకు ధైర్యం. కిందికి బరువొస్తుందని ముందుగాల చెప్తయి. ఇనుప దిమ్మెలు చప్పుడు చెయ్యవు, ఒక్కసారే పోతయి. మాకు చప్పుడు చేసేదే కావాలె." తర్వాత కాస్త ఆగి, "నీ దుకాణంల ఐబులన్నీ చెప్పినంకనే ధర చెప్తవట గద. ఇప్పుడు చెప్పు."

కుతుబుద్దీన్ తీసుకున్న డబ్బంతా వాపసు ఇస్తానన్నాడు. పెట్టె ఉంచుకోమన్నాడు. సదయ్య తల అడ్డంగా ఊపాడు. అతని తండ్రి కూడా ఎడ్లు కొన్నవాడే. నడుముకు చుట్టుకున్న శాలువా విప్పి, కాలనీ అంతా చందాలు వేసుకుని కప్పిన ఆ జరీ శాలువాను కుతుబుద్దీన్ చేతి మీద పరిచి, తన చేయి కిందికి దూర్చాడు. దిమ్మెలు మోసి మోసి గట్టిపడ్డ వేళ్లు. కుతుబుద్దీన్ తన అయిదు వేళ్లూ ముడిచి ఇచ్చాడు, ఏమీ వద్దని. సదయ్య వాటిని ఒక్కొక్కటే తెరిచాడు. ఒకటి రెండు ముడిచే ఉంచాడు. ఎన్ని తెరిచాడో చుట్టూ ఉన్నవాళ్లు ఎంత మెడలు సాచినా కనిపించలేదు. ఏం ఖరారైందని నర్సింగం తర్వాత ఎన్నోసార్లు అడిగాడు. ధర ఇద్దరి సంగతంటూ కుతుబుద్దీన్ బయటపెట్టలేదు. ఐబు సంగతి మాత్రం అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు. కొన్నాళ్లు అతని దుకాణానికి జనం తగ్గారు. పాత ఖాతాదారుల్లో ఇద్దరు మళ్లీ వెళ్లలేదు.

యమున మైకు ముందుకు వచ్చింది. తీగల మీద చేయి వేసే ముందు ఒక్క క్షణం జంకింది. కుతుబుద్దీన్ తల ఊపాడు. ఆమె మీటింది.

రొద మీదుగా గిటార్ లేచింది, టెంటు దాటి, కోటర్ల పైకప్పులు దాటి, వాటర్ ట్యాంకు దాకా. సదయ్య కుర్చీలో వెనక్కి వాలి, నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకున్నవాడిలా కళ్లు మూసుకున్నాడు. యమున ఈసారి తీగల మీద గుడ్డ కప్పలేదు.

టెంటు వెనక కుతుబుద్దీన్ ఒక చెంబు సంపాదించి గడ్డపార పక్కన గొంతుక్కూచున్నాడు. నేల నీళ్లను పీల్చుకుంటూనే ఉంది. పాట అయిపోయేదాకా అతను పోస్తూనే ఉన్నాడు.